తాతయ్య లెక్కల పుస్తకంలో పౌండు: 13 నుంచి 21, మళ్ళీ 18కి ఎలా దిగింది?

లెడ్జరు మనవడు
అందరికీ నమస్కారం. మొన్న అటక సర్దుతుంటే మా తాతయ్య లెక్కల పుస్తకాలు దొరికాయి, ఎర్ర గుడ్డ అట్ట వేసినవి, ఐదు. మా పెదనాన్న 1964లో చదువుకోడానికి ఇంగ్లాండు వెళ్ళారు, తాతయ్య ఆయనకి నెలనెలా 40 పౌండ్లు పంపేవారు. ఆ పద్దులన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కిస్తున్నా. 1965 అంతా 40 పౌండ్లకి 535 రూపాయలు, దాదాపు ఎప్పుడూ అంతే. 1966 జూలైలో అదే 40 పౌండ్లు 842 రూపాయలు! సరే, రూపాయి పడింది అనుకున్నా. కానీ 1967 డిసెంబరులో 722 అని ఉంది. పడ్డ రూపాయి లేవడం నేనెప్పుడూ వినలేదు. తాతయ్య ఏమైనా తప్పు రాశారా అంటే ఆయన అణా పైసలు కూడా వదిలే మనిషి కాదు. మధ్యలో 1966 ఆగస్టు నుంచి 1967 నవంబరు దాకా ఒక్క పద్దూ లేదు, అదింకో మిస్టరీ. ఎవరికైనా ఐడియా ఉంటే చెప్పండి.

పల్నాటి పిల్ల
నాకు రేట్లు తెలీవు గానీ 1965లో నెలకి 535 పంపారంటే మీ తాతయ్యగారికి దండం పెట్టాలి. అప్పట్లో అంత జీతం ఎంతమందికి వచ్చేది!

లెడ్జరు మనవడు
మిర్చి వ్యాపారం అండి. ఐదెకరాలు అమ్మారని కూడా ఇంట్లో చెప్తారు, అది వేరే కథ.

ఎకనామిక్స్ ఎమ్మే
తాతయ్యగారు తప్పు రాయలేదు, మూడు అంకెలూ కరెక్టే. ఆ రోజుల్లో రేటు ఇప్పటిలా గంటగంటకీ కదిలేది కాదు, ప్రభుత్వం కట్టేసిన రేటు. పౌండుకి 13 రూపాయల 33 పైసలు. 40 పెట్టి గుణిస్తే 533 చిల్లర. 1966 జూన్ 6న రూపాయి విలువ తగ్గించారు, డాలరు 4.76 నుంచి 7.50 అయింది, పౌండు 13.33 నుంచి 21 అయింది. 40 ఇంటూ 21 అంటే 840. ఆ తర్వాత 1967 నవంబరు 18న తగ్గింది రూపాయి కాదు, పౌండు. బ్రిటన్ వాళ్ళు తమ పౌండుని 2.80 డాలర్ల నుంచి 2.40కి దించుకున్నారు. మనం ఈసారి వాళ్ళ వెంట దిగలేదు, డాలరుకి 7.50 దగ్గరే ఉండిపోయాం. 7.50 ఇంటూ 2.40 ఎంత? 18. 40 పౌండ్లు 720. మీ లెక్క సరిపోయింది.

లెడ్జరు మనవడు
అబ్బ, ఎంత శుభ్రంగా కుదిరింది! అంటే రూపాయి లేవలేదు, పౌండు కూర్చుంది. మరి ఆ పైన ప్రతిసారీ రూపాయీ రెండు రూపాయలూ ఎక్కువ ఎందుకు ఉన్నాయి?

రిటైర్డ్ క్యాషియర్
దానికి నేను చెప్తాను బాబూ, నా సర్వీసంతా బ్యాంకు విదేశీ మారకం కౌంటరులోనే గడిచింది. ఎమ్మే గారు చెప్పింది అధికారిక రేటు. కౌంటరు దగ్గరికొచ్చే మనిషికి ఆ రేటు ఎప్పుడూ దొరకదు. మీ తాతగారు పౌండ్లు కొన్నారు, అంటే బ్యాంకు అమ్మింది, కాబట్టి అమ్మకం రేటు పడుతుంది, అది అసలు రేటుకి కాస్త పైన ఉంటుంది. దాని మీద డ్రాఫ్టు కమిషను, తపాలా ఖర్చు. అదే మీ పెదనాన్నగారు ఇంగ్లాండు నుంచి డబ్బు పంపి ఉంటే కొనుగోలు రేటు పడేది, అప్పుడు 533 కన్నా తక్కువే చేతికి వచ్చేది. పాత రేట్ల గురించి వాదించుకునే వాళ్ళు సగంమంది ఒకరు కొనుగోలు రేటూ ఇంకొకరు అమ్మకం రేటూ చూసి కొట్టుకుంటారు, నేను చూశాను.

ఇంకో సంగతి. పాత పేపర్లలో రేట్లు చూసేటప్పుడు జాగ్రత్త. 1993 ఆగస్టు 2 దాకా మన బ్యాంకులు రేటుని తిరగేసి చెప్పేవి. డాలరుకి ఇన్ని రూపాయలని కాదు, వంద రూపాయలకి ఇన్ని డాలర్లు, ఇన్ని పౌండ్లు అని. అంతకు ముందు ఇంకా పాతకాలంలో రూపాయికి ఇన్ని షిల్లింగులు, ఇన్ని పెన్నీలు. అలాంటి పట్టికలో అంకె తగ్గితే రూపాయి పడినట్టు, పెరిగితే లేచినట్టు. ఇప్పటి అలవాటుతో చూస్తే మొత్తం తలకిందులుగా అర్థమవుతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి మేము నేర్పే మంత్రం ఒకటుండేది, 'బై హై, సెల్ లో' అని. ఎక్కువకి కొని తక్కువకి అమ్మితే బ్యాంకు దివాలా తీయదా అని వాళ్ళు బిక్కమొహం వేసేవాళ్ళు. వందకి ఎక్కువ డాలర్లు తీసుకుని కొనాలి, వందకి తక్కువ డాలర్లు ఇచ్చి అమ్మాలి, అంతే. 1993లో పద్ధతి మారాక ఆ మంత్రాన్ని తిరగేసి 'బై లో, సెల్ హై' అని మళ్ళీ నేర్చుకున్నాం. నాకు అలవాటు కావడానికి ఆర్నెల్లు పట్టింది.

పల్నాటి పిల్ల
ఒక్క నిమిషం. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు రూపాయీ డాలరూ సమానం కదా? మా హైస్కూలు సారు చెప్పారు, ప్రతి ఆగస్టు 15కి వాట్సాప్‌లో కూడా వస్తుంది. మరి 4.76 ఎక్కణ్ణించి వచ్చింది?

గోదారి గట్టు
వచ్చింది! నేనింకా ఈ థ్రెడ్డులో ఇది రాలేదేంటా అని చూస్తున్నా 😀

ఎకనామిక్స్ ఎమ్మే
మీ సారు తప్పేం కాదు, ఆయనకీ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. కానీ అది నిజం కాదు. లెక్క వేసి చూడండి. 1947లో రూపాయి విలువ 1 షిల్లింగు 6 పెన్నీలు. షిల్లింగుకి 12 పెన్నీలు, పౌండుకి 240 పెన్నీలు. అంటే రూపాయికి 18 పెన్నీలు. 240ని 18తో భాగిస్తే 13.33, అదే పౌండుకి రూపాయల రేటు. అప్పుడు పౌండుకి 4.03 డాలర్లు. 13.33ని 4.03తో భాగిస్తే డాలరుకి 3 రూపాయల 30 పైసల చిల్లర. రూపాయీ డాలరూ సమానం కావాలంటే పౌండు నాలుగు రూపాయలకి దొరకాలి. అలా ఎప్పుడూ దొరకలేదు.

4.76 ఎప్పుడు వచ్చిందంటే 1949 సెప్టెంబరులో. అప్పుడు కూడా పౌండు పడింది, 4.03 నుంచి 2.80కి. ఆ సారి మనమూ పౌండుతో పాటే దిగాం, అందుకే పౌండు రేటు 13.33 దగ్గరే కదలకుండా ఉంది, డాలరు మాత్రం 3.30 నుంచి 4.76కి ఎక్కింది. 1949లో వెంట దిగాం, 1967లో దిగలేదు. తాతయ్యగారి పుస్తకం 1949లో కూడా ఉండి ఉంటే అందులో తేడా ఏమీ కనపడేది కాదు.

ఇంకో తమాషా, 1949లో పాకిస్తాన్ దిగలేదు. దాంతో అక్కడి 100 రూపాయలు ఇక్కడి 144 రూపాయలయ్యాయి. ఆ రేటుని మనవాళ్ళు ఒప్పుకోలేదు, రెండు దేశాల మధ్య వ్యాపారం కొన్ని నెలలు దాదాపు నిలిచిపోయింది. జనపనార పంట అటుపక్క, దాని మిల్లులు ఇటుపక్క! చివరికి 1955లో పాకిస్తాన్ కూడా తగ్గించుకుంది.

పల్నాటి పిల్ల
సర్లెండి, నేను ఇన్నాళ్ళూ ఫార్వర్డ్ చేసిన పాపం ఎక్కడ కడుక్కోవాలో చెప్పండి. అందులోనే 1917లో ఒక్క రూపాయికి 13 డాలర్లు అని కూడా ఉంటుంది.

నాణేల పెట్టె
అది మరీ దారుణం. 1917 నాటికి బంగారు సవరను, అంటే ఇంగ్లీషు పౌండు నాణెం, 15 రూపాయలు, అందులో ఉండేది 4.86 డాలర్ల బంగారం. డాలరుకి సుమారు 3 రూపాయలు. 13 అనేది పౌండుకి 13.33 రూపాయలు అన్నదాన్ని ఎవరో తిరగేసి, సంవత్సరం కూడా మార్చేసి పుట్టించిన అంకె అని నా అనుమానం. పై పోస్టులో క్యాషియర్ గారు చెప్పిన తలకిందుల జబ్బే.

ఆ 13.33 కూడా ఊరికే రాలేదు. 1926లో హిల్టన్ యంగ్ కమిషన్ రూపాయికి 18 పెన్నీలు ఉండాలంది. బొంబాయి వ్యాపారులు 16 పెన్నీలు చాలన్నారు, అంటే పౌండుకి 15 రూపాయలు. కమిషన్‌లో సభ్యుడైన పురుషోత్తందాస్ ఠాకూర్‌దాస్ విడిగా అసమ్మతి రాశారు. రూపాయి విలువ ఎక్కువైతే మన పత్తి, నూనెగింజలు అమ్మే రైతుకి చేతికొచ్చే రూపాయలు తగ్గుతాయి, ఇంగ్లాండు సరుకు ఇక్కడ చవకవుతుంది అని గొడవ. 1927లో ప్రభుత్వం 18 పెన్నీలకే చట్టం చేసింది. మీ తాతయ్యగారి 535 రూపాయల్లో ఆ 1927 నాటి 18 పెన్నీలే ఉన్నాయి, 39 ఏళ్ళు మారలేదు.

చౌకబేరం
ఎమ్మే గారూ, 1966లో రూపాయిని 57.5 శాతం తగ్గించారని ఒకచోట, 36.5 శాతం అని ఇంకోచోట చదివా. ఏది నిజం? మీరు అంకెలు శుభ్రంగా చెప్తున్నారు గానీ ఇందులో ఎవరో ఒకరు అబద్ధం చెప్తున్నట్టే కదా.

ఎకనామిక్స్ ఎమ్మే
రెండూ నిజమే. డాలరు ధర 4.76 నుంచి 7.50 అంటే 57.5 శాతం పెరిగింది. రూపాయి వైపు నుంచి చూస్తే, ఇంతకుముందు రూపాయికి 21 సెంట్లు వచ్చేవి, ఇప్పుడు 13.3 సెంట్లు. 36.5 శాతం తగ్గుదల. తిట్టాలనుకున్నవాళ్ళు 57.5 అంటారు, వెనకేసుకొచ్చేవాళ్ళు 36.5 అంటారు.

చౌకబేరం
అదేం లెక్కండీ. నా జేబులో ఎంత పోయిందో చెప్పమంటే రెండు జవాబులా?

గోదారి గట్టు
వంద రూపాయల చొక్కా నూటయాభై అయితే ధర యాభై శాతం పెరిగినట్టు, కానీ మీ వందకి వచ్చే చొక్కా మూడోవంతే తగ్గినట్టు. అదే తేడా. ఇందులో మోసం లేదు, మీరు చొక్కా వైపు నిలబడ్డారా నోటు వైపు నిలబడ్డారా అన్నదే.

చౌకబేరం
సరే, చొక్కాతో అర్థమైంది.

పాత చెరువు
లెక్కలు బాగానే ఉన్నాయి, అసలు సంగతి ఎవరూ చెప్పట్లేదు. 1966లో మన రూపాయిని మనం తగ్గించుకోలేదు, అమెరికా, ప్రపంచ బ్యాంకు కలిసి మెడ వంచి తగ్గింపజేశాయి. ఇందిరా గాంధీ పదవిలోకి వచ్చి ఆర్నెల్లు కూడా కాలేదు. అప్పటి కాంగ్రెస్ అధ్యక్షుడు కామరాజ్‌కి కూడా నచ్చలేదు. తగ్గిస్తే సాయం వస్తుందన్నారు, అనుకున్నంత రాలేదు. ఎగుమతులు పెరుగుతాయన్నారు, పెరగలేదు.

ఎకనామిక్స్ ఎమ్మే
ఒత్తిడి ఉందన్నది నిజమే, కాదనను. కానీ ఒత్తిడి లేకపోయినా ఆ రేటు నిలిచేది కాదు. 1962లో చైనాతో యుద్ధం, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం, దాంతో విదేశీ సాయం ఆగిపోయింది, పైగా 1965–66లో పెద్ద కరువు. తిండిగింజలకి అమెరికా గోధుమ ఓడల కోసం ఎదురుచూసే రోజులు. ఇక్కడ ధరలు ఏడాదికేడాది పెరుగుతూ ఉంటే రేటు మాత్రం 1949 నాటిదే. ఇక ఎగుమతులంటారా, తగ్గింపు చేసిన రోజే టీ, జనపనార లాంటి వాటి మీద ఎగుమతి సుంకం వేశారు, అంతకుముందు ఇస్తున్న ఎగుమతి రాయితీలు తీసేశారు. కాగితం మీద 57.5 అన్నా ఎగుమతి చేసేవాడికి అందింది అందులో కొంతే. పైగా మరుసటేడు మళ్ళీ కరువు. పంట లేకపోతే ఏం ఎగుమతి చేస్తారు?

పాత చెరువు
కరువుకి రూపాయి ఏం చేస్తుంది అంటారా? నేననేది అదే, అప్పుడు చేయకుండా ఉండాల్సింది అని.

ఎకనామిక్స్ ఎమ్మే
సమయం తప్పు అంటే ఒప్పుకుంటా. రేటు తప్పు అంటే ఒప్పుకోను.

గల్ఫ్ గాలి
1966 మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. నేను పాతికేళ్ళుగా దుబాయ్‌లో ఉంటున్నా. ఇక్కడ ఒకప్పుడు చెల్లింది మన రూపాయే అని మా పిల్లలకి చెప్తే నమ్మరు. కువైట్, బహ్రైన్, ఖతార్, దుబాయ్, మస్కట్ అన్నిచోట్లా మన నోట్లే. అయితే ఇక్కడి బంగారం దొంగచాటుగా మన దేశానికి వెళ్ళడం, దానికి కట్టిన రూపాయలు ఇక్కడికి చేరి మళ్ళీ రిజర్వ్ బ్యాంకు దగ్గర పౌండ్లుగా మారడం ఎక్కువైపోయింది. అందుకని 1959లో గల్ఫ్ కోసమే వేరే రంగుల నోట్లు వేశారు. 1961లో కువైట్, 1965లో బహ్రైన్ సొంత దినారు తెచ్చుకున్నాయి. మిగతావాళ్ళు 1966 జూన్ 6న పొద్దున్నే లేచేసరికి తమ డబ్బు విలువ ఎక్కడో ఢిల్లీలో తగ్గిపోయి ఉంది! వాళ్ళ ప్రమేయమే లేదు. ఖతార్, దుబాయ్ ఆ ఏడాదే వేరే కరెన్సీకి మారిపోయాయి. ఒమన్ ఒక్కటి 1970 దాకా లాక్కొచ్చింది. మనవాళ్ళు ఇప్పుడు ఇక్కడికొచ్చి దిర్హాం రేటు రోజూ ఫోన్లో చూసుకుంటున్నాం, ఏమిటో.

పల్నాటి పిల్ల
ఇది మాత్రం అసలు వినలేదు!

తుమ్మచెట్టు
పాత రేట్ల గురించి కాబట్టి మా ఇంటి బాధ కూడా చెప్పుకుంటా. 1991 జూన్ చివర్లో మా బాబాయి లండన్ నుంచి 500 పౌండ్ల డ్రాఫ్టు పంపాడు, మా అక్క పెళ్ళికి. నాన్న దాన్ని వెంటనే బ్యాంకులో వేశారు. తర్వాత జూలై 1నా 3నా రెండు విడతలుగా రూపాయిని తగ్గించారు, డాలరు 21 చిల్లర నుంచి 26కి దగ్గరగా వెళ్ళింది, పౌండు 34 దరిదాపుల నుంచి 41 దాటింది. మా డ్రాఫ్టు డబ్బు అకౌంటులో పడింది జూలై రెండో వారంలో, కానీ పాత రేటుకే! అడిగితే కాగితం మాకు జూన్‌లోనే వచ్చింది కాబట్టి ఆ రేటే అన్నారు. మరి డబ్బు అప్పుడే ఎందుకు వేయలేదు అంటే జవాబు లేదు. మూడు వేల పైచిలుకు పోయింది. నాన్న రెండు ఉత్తరాలు రాసి ఊరుకున్నారు. బ్యాంకు పేరు చెప్పను, ఇప్పుడు చెప్పి లాభమూ లేదు.

రిటైర్డ్ క్యాషియర్
మీ నాన్నగారికి అన్యాయం జరిగి ఉండొచ్చు, కాగితాలు చూడకుండా నేను తీర్పు చెప్పలేను. డ్రాఫ్టుని బ్యాంకు ఏ రోజు కొన్నదో ఆ రోజు రేటు పడుతుంది. వసూలుకి పంపి ఉంటే మాత్రం అవతల డబ్బు వచ్చాక రేటు కట్టాలి. మీది ఏ పద్ధతిలో తీసుకున్నారో రసీదు మీద ఉండి ఉంటుంది.

ఆ వారం నాకింకా గుర్తుంది. పొద్దున్న వచ్చిన రేట్ల కాగితం చూసి మేనేజరు అచ్చుతప్పు అనుకుని పైఆఫీసుకి ఫోను చేశాడు. దేశం దగ్గర దిగుమతులకి కొన్ని వారాలకు సరిపడా విదేశీ మారకమే మిగిలిన రోజులు అవి. జూలైలోనే రిజర్వ్ బ్యాంకు 47 టన్నుల దాకా బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్‌కి తాకట్టు పంపింది. పి.వి. ప్రధాని, మన్మోహన్ సింగ్ ఆర్థికమంత్రి, రిజర్వ్ బ్యాంకులో డిప్యూటీ గవర్నరు రంగరాజన్. మొదటి విడత వేసి మార్కెట్టు ఎలా ఉందో చూసి, రెండోది వేయొద్దని ప్రధాని అనేలోపే రంగరాజన్ వేసేశారని తర్వాత అందరం చదువుకున్నాం.

1992 మార్చి నుంచి ఏడాది పాటు ఇంకా గందరగోళం, ఒకే రోజు రెండు అధికారిక రేట్లు. బయటి నుంచి వచ్చిన ప్రతి వంద డాలర్లలో 40 ప్రభుత్వ రేటుకి, 60 మార్కెట్టు రేటుకి. 1993 మార్చిలో రెండూ కలిపేశారు, అప్పుడు డాలరు 31 చిల్లర. కాబట్టి ఎవరైనా '1992లో డాలరు ఎంత' అని అడిగితే ఏ రేటు అని ఎదురు అడగండి.

లెడ్జరు మనవడు
క్యాషియర్ గారూ, ఒక సందేహం. రిజర్వ్ బ్యాంకు పాత పట్టికల్లో ఎక్కడ చూసినా పౌండే ముందుంటుంది. డాలరు కదా పెద్దది?

రిటైర్డ్ క్యాషియర్
1992 మార్చి దాకా రిజర్వ్ బ్యాంకు మాతో కొనీ అమ్మే ముఖ్య కరెన్సీ పౌండే బాబూ. 1971 డిసెంబరులో రూపాయిని మళ్ళీ పౌండుకి కట్టారు, 18.97 దగ్గర. ఆర్నెల్లు తిరక్కుండానే 1972 జూన్‌లో బ్రిటన్ పౌండు రేటుని కట్టేయకుండా మార్కెట్టుకి వదిలేసింది, పౌండు తేలడం మొదలుపెట్టింది, దానికి కట్టిన రూపాయి కూడా తెప్పలా కొట్టుకుపోయింది. విసిగి 1975 సెప్టెంబరు 25న పౌండుని వదిలేసి కొన్ని కరెన్సీల బుట్టకి కట్టారు, ఆ బుట్టలో ఏమేం ఉన్నాయో బయటికి చెప్పలేదు. అయినా రేటు ప్రకటించేది పౌండులోనే. మరుసటేడు, 1976లో, పౌండు పరిస్థితి ఎంత పాడైందంటే బ్రిటన్ ఐఎంఎఫ్ దగ్గర 390 కోట్ల డాలర్ల అప్పు అడిగింది. అప్పుడు మా కౌంటరులో పౌండు 15 రూపాయల లోపుకి వచ్చింది. పడ్డ రూపాయి లేవడం వినలేదన్నారు కదా, 1966లో 21 ఉన్న పౌండు పదేళ్ళకి 15 లోపు. నేను నా కళ్ళతో చూశాను.

గోదారి గట్టు
అంత వెనక్కి ఎందుకు, 2016 జూన్‌లో బ్రిటన్ ఐరోపా కూటమి నుంచి బయటికి రావాలని ఓటేసిన రోజు మా చెల్లెలు ఫీజు కట్టాల్సి ఉంది. రాత్రి పౌండు 100 దగ్గర ఉంది, మర్నాటికి 92 దరిదాపులకి వచ్చింది. ఆ ఒక్కరోజు ఆగమన్నందుకు ఇంట్లో నేనే హీరో.

లెడ్జరు మనవడు
అందరికీ చాలా థాంక్స్. ఇంకో చిక్కు వచ్చింది. ఐదు పుస్తకాల్లో అన్నిటికన్నా పాతదాని మీద '1355' అని ఉంది, అది ఏ సంవత్సరమో తెలీదు, 1955 రాయబోయి అలా రాశారా అనుకున్నా. లోపల మిర్చి బస్తాల లెక్కల్లో 'హా 350, క 300' అని పక్కపక్కనే రెండు వరసలు. మరో పేజీలో 'హా 70, క 60'. ఎక్కడా రెండూ కలపలేదు. మాది మధిర వైపు, సరుకు బెజవాడ వెళ్ళేది.

నాణేల పెట్టె
దీని కోసమే నేను ఈ థ్రెడ్డులో కూర్చున్నట్టుంది! 1355 తప్పు కాదు, ఫసలీ సంవత్సరం, నిజాం రాష్ట్రంలో లెక్కలన్నీ ఫసలీలోనే. 590 కలపండి, 1945–46. 'హా' అంటే హాలీ, 'క' అంటే కల్దార్. హాలీ సిక్కా నిజాం ప్రభుత్వ రూపాయి, మీద చార్మినారు బొమ్మ ఉండేది. కల్దార్ అంటే ఇంగ్లీషువాళ్ళ రూపాయి, మర మీద కొట్టింది కాబట్టి ఆ పేరు. మధిరలో కొనేటప్పుడు హాలీ, బెజవాడలో అమ్మేటప్పుడు కల్దార్. ఏడు హాలీకి ఆరు కల్దార్. 350ని ఏడుతో భాగించి ఆరుతో గుణించండి, 300. 70కి 60. ప్రభుత్వ లెక్కల్లో దీన్నే వంద కల్దార్‌కి 116 రూపాయల 10 అణాల 8 పైల (అణాకి 12 పైలు) హాలీ అని రాసేవాళ్ళు. బజార్లో సావుకారు దగ్గర మారిస్తే వట్టం, అంటే మార్చినందుకు కోసుకునేది, వేరే.

నోట్లు కూడా ఉండేవి, 1918 నుంచి. వాటి మీద ఉర్దూతో పాటు తెలుగు, కన్నడ, మరాఠీ ఉండేవి. పోలీసు చర్య తర్వాత కూడా కొన్నాళ్ళు ఈ రెండు రూపాయలూ పక్కపక్కనే నడిచాయి, 1950ల మొదట్లో కొత్త హాలీ వేయడం ఆపేశారు, 1959కి చెల్లుబాటు పూర్తిగా పోయింది. మీ తాతగారు సరిహద్దు కరోడ్‌గిరి నాకా దగ్గర సుంకం కట్టిన పద్దు ఎక్కడైనా ఉందేమో చూడండి, ఉంటే ఫోటో పెట్టండి ప్లీజ్.

ఎకనామిక్స్ ఎమ్మే
అంటే తాతయ్యగారికి మారకం రేటు ఇంగ్లాండుతో మొదలవలేదు! ఫసలీ 1355లో ఆయన పౌండు కొనాలంటే 13.33కి ఏడు ఆరోవంతులు, అంటే హాలీలో 15 రూపాయల 9 అణాలకి కొంచెం తక్కువ.

పాత చెరువు
రెండు కరెన్సీల లెక్క మధిరలోనే నేర్చిన మనిషి 1966లో కంగారు పడి ఉండడు. మరి ఆ పదహారు నెలలూ డబ్బు ఎందుకు ఆపాడో?

లెడ్జరు మనవడు
మూడు రోజులు కనపడనందుకు సారీ. పెదనాన్నకి ఫోన్ చేశా, ఆయనకిప్పుడు 80 దాటాయి, కార్డిఫ్‌లో ఉంటారు. 1966 మాట ఎత్తగానే "నీకెవరు చెప్పార్రా" అన్నారు. జూన్‌లో రూపాయి తగ్గించిన సంగతి ఆయనకి పేపర్లో తెలిసింది. జూలై డబ్బు వచ్చాక తాతయ్యకి ఎంత పడి ఉంటుందో ఆయనే లెక్క వేసుకున్నారు, 840. ఇంకో పొలం అమ్ముతారని భయం వేసి, నాకు ఇక్కడ స్కాలర్‌షిప్పు వచ్చింది, ఇక పంపొద్దని ఉత్తరం రాశారట. స్కాలర్‌షిప్పూ లేదు, ఏమీ లేదు. హాస్టలు వంటింట్లో గిన్నెలు కడిగారు, సెలవుల్లో పోస్టాఫీసులో ఉత్తరాలు సార్టింగ్ చేశారు.

మరి 1967 డిసెంబరులో మళ్ళీ ఎందుకు మొదలైందని అడిగా. ఆయనకి గుర్తులేదు, నేనేమీ అడగలేదు, నాన్నే ఉన్నట్టుండి పంపారు అన్నారు. పుస్తకం మళ్ళీ తీసి ఆ పేజీ చూశా. 722 పక్కన పెన్సిలుతో చిన్నగా 21 రాసి కొట్టేసి 18 అని ఉంది, కింద '120 మిగులు, అబ్బాయి చలికోటుకి' అని. ముందు అది బస్తాల లెక్క అనుకుని ఎక్సెల్‌లో ఎక్కించలేదు.

కరోడ్‌గిరి పద్దు రెండుచోట్ల ఉంది నాణేల పెట్టె గారూ, రేపు పగటి వెలుగులో ఫోటో తీసి పెడతా.

రిటైర్డ్ క్యాషియర్
ఎక్సెల్‌లో 1967 నవంబరుకి ఒకే రేటు వేయకండి బాబూ. 18వ తేదీకి ముందు 21, తర్వాత 18. రెండు గడులు చేయండి.

లెడ్జరు మనవడు
చేశానండి. మూడో గడి కూడా చేశా, కోటుకి.